గింజకి జ్వరం

నరసాపురంలో వీర్రాజు ఇంటి ముందుగదిలో కంప్యూటర్ రెండు ఇటుకల మీద కూర్చుని ఉంది. ఎదురుగా టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. నెత్తిన తడిపి పిండిన తువ్వాలు. మంచం పట్టిన మనిషికి చేసే మర్యాదలన్నీ దానికి జరుగుతున్నాయి.

విశాఖపట్నంలో రైలెక్కి వచ్చి, గుమ్మంలో చెప్పులైనా విప్పకముందే ఆ వైభోగం చూసిన హైమకి ఒళ్ళు మండింది.

"కరెంటు పెట్టె మీద తడిగుడ్డ ఎవరు వేశారు? ఇల్లు తగలబెట్టుకుందామనా?"

"నేనే వేశాను," అంటూ వంటింట్లోంచి వచ్చింది వదిన వకుళ, చేతులు తుడుచుకుంటూ. "ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది హైమా. చూస్తూ ఊరుకోబుద్ధి కాలేదు."

"దానికి ఒళ్ళేంటి వదినా."

"ఏమో, నాకలాగే అనిపించింది మరి."

ఈలోగా అన్నయ్య వీర్రాజు లుంగీ ఎగ్గడుతూ వచ్చాడు. రొయ్యల మేత అమ్మే మనిషి. చెరువు ఈ గట్టు మీద నిలబడి ఆ గట్టు మీదివాడితో మాట్లాడే అలవాటు కొద్దీ ఇంట్లోనూ అదే గొంతు.

"రావమ్మా, రా. నీ కంపెనీ సరుకు చూసి తరించు. ఏ చెరువుకి ఎంత మేత వెళ్ళిందో చెప్పమంటే ఆవులిస్తుంది. మీ వదిన లేసు బొమ్మ ఒకటి తెరవమని నొక్కి, పంటు ఎక్కి గోదారి దాటి సఖినేటిపల్లి వెళ్ళి రావచ్చు, ఇది ఇంకా తిరుగుతూనే ఉంటుంది. చెల్లెలివని నమ్మి కొంటే కొలిమి అంటగట్టావు."

"ఫోన్లో తిట్టింది చాలలేదా అన్నయ్యా? కాఫీ అయినా తాగనిస్తావా?"

"తాగు. దాని మీద గిన్నె పెట్టు, అదే కాస్తుంది."

హైమ కోపం దిగమింగి పక్కపలక విప్పింది. లోపల మధ్యలో గాజు గిన్నె, గిన్నెలో లేత గులాబీరంగు ద్రవం, ద్రవంలో ధనియమంత ముద్ద. మనిషి రక్తపు బొట్టులోంచి పెంచిన మెదడు కణాల ముద్ద అది. ఆలోచించే పనంతా దానిదే. అందుకే జనం వీటిని గింజ కంప్యూటర్లంటారు. పాత కంప్యూటర్లు ఊళ్ళకి ఊళ్ళ కరెంటు తాగేస్తున్న రోజుల్లో, ఇది బెడ్‌లైటు ఖర్చుతో ఇల్లంతా నడుపుతుందంటే ఎగబడి కొన్నారు. ఒకరి కణాలు ఇంకొకరి ఇంట్లో పెట్టకూడదని చట్టం ఉంది గనక, కొనేటప్పుడు కంపెనీ మనిషి ఇంటికొచ్చి యజమాని వేలికి సూది గుచ్చి బొట్టు పట్టుకుపోతాడు. తయారైన పెట్టె మీద ఆ యజమాని పేరు వేసి పంపుతారు. ఈ పెట్టె మీద వీర్రాజు పేరుంది.

ముందు పెట్టె లోపలి ఫ్యాను రెక్కలు చూసింది. వాటి చుట్టూ తెల్లటి నూలు పీచు పేనుకుపోయి ఉంది. వకుళ లేసు డిజైన్లు గీస్తుంది. చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు వాటిని చూసి అల్లుతారు. ఆ అల్లికలన్నీ ఈ గదిలోనే సర్దుతారు కనక పీచు ఎక్కడికీ పోదు. హైమ దాన్నంతా పట్టుకారుతో లాగి పారేసింది. గాలి పోయే సందులు బ్రష్‌తో దులిపింది. ద్రవం సీసా మార్చింది. అన్నయ్య సగం చూసి మూయకుండా వదిలేసిన సినిమాలన్నీ మూసింది. అన్నీ ఆపి మళ్ళీ మొదలుపెట్టింది.

కాఫీ తాగినంతసేపు బుద్ధిగా పనిచేసింది. గ్లాసు కింద పెట్టేసరికి తెర బిగుసుకుపోయింది.

ఈసారి హైమ గింజకి వెళ్ళే తీగలన్నీ ఒక్కటొక్కటిగా ఊడదీసింది. ఇప్పుడు దానికి పనంటూ ఏమీ లేదు. గాజు గిన్నె మీద రెండు వేళ్ళు ఆనించి కూర్చుంది. కాసేపటికి గిన్నె గోరువెచ్చనైంది. ఇంకాసేపటికి వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

ఇది దుమ్ము కాదు. ఏమిటో హైమకి తెలుసు. తెలిసినవాళ్ళు రాష్ట్రం మొత్తం మీద ఇద్దరే, ఆమే, ఆమె పై అధికారి డాక్టర్ పట్టాభీను. ఇలా పని లేకుండా వేడెక్కి కంపెనీకి తిరిగొచ్చిన గింజల్ని ఆమె చేత్తోనే కోసి మైక్రోస్కోపు కింద పెట్టింది. కణాల నిండా నూనెడబ్బా అడుగున ఉండేలాంటి మడ్డి. మనిషి మతిని మెల్లమెల్లగా తినేసే మరుపు జబ్బులో మెదడుకి పట్టే మడ్డి అదే. మనిషి ఒంట్లో ఏళ్ళ తరబడి నక్కి ఉండే జబ్బు, నిద్రా విశ్రాంతీ లేని ఈ గింజలో నెలల్లో బయటపడుతోంది. గింజకి జ్వరమొచ్చిందంటే రక్తమిచ్చిన మనిషికి రోగం మొదలైందన్నమాటే. ఆ జబ్బుకి ఇప్పుడు మందుంది. కానీ మరుపు ముదరకముందే మొదలుపెట్టాలి, ముదిరాక వేస్తే బూడిదలో పోసిన పన్నీరే.

ఇదంతా చెబితే పట్టాభి ఏం చేశాడు? వేడి అని ఎవరు ఫోను చేసినా దుమ్మని చెప్పి కొత్త పెట్టె ఇచ్చేయమని ఉత్తర్వు వేశాడు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు, ఇప్పుడది తన ఇంట్లోనే కాలుతోంది.

వీర్రాజు అరుగు మీద ఫోన్లో ఎవర్నో కేకలేస్తున్నాడు. మధ్యలో ఏదో పేరు గుర్తురాక వేళ్ళు విదిలిస్తున్నాడు. "అదేనయ్యా, ఆ మొగల్తూరు ఆయన, చేపల లారీ ఆయన..." మరుపు అప్పుడే మొదలైందనుకుంది హైమ.

"ఏంటే, ఏమైంది దానికి?" అన్నాడు వీర్రాజు ఫోను మూసి.

"దుమ్ము అన్నయ్యా," అంది హైమ.

వాళ్ళింట్లో అదొక ఆనవాయితీ. చెడ్డ కబురు ఎవరికి సంబంధించిందో వాళ్ళకి తప్ప ఊళ్ళో అందరికీ చెప్పుకుంటారు. నాన్న జబ్బు సంగతి నాన్నకి ఆఖరి వారం దాకా తెలియనివ్వలేదు. హైమ ఇంకో మెట్టు పైకి వెళ్ళి, ఎవరికీ చెప్పలేదు. వదినకి కూడా. ద్రవంలోంచి కాస్త, అందులో రాలిన కణాలతో సహా, చిన్న సీసాలోకి పట్టుకుని, ఆ సాయంత్రమే బయలుదేరింది. దారి పొడుగునా తను అన్న ఆ ఒక్క మాట నోట్లో చేదుగా ఉండిపోయింది.

*

ప్రయోగశాలలో ఆ సీసా పరీక్షించడానికి ఒక పూట పట్టింది. మడ్డి ఉంది. కావలసినంత ఉంది.

హైమ తలుపు కూడా తట్టకుండా పట్టాభి గదిలోకి వెళ్ళింది. గింజను పుట్టించిన మనిషి ఆయనే. తన గదిలో గాజు గిన్నెలు వరసగా పెట్టుకుని, పూలమొక్కలకి నీళ్ళు పోసేవాడిలా పొద్దున్నే వాటికి ద్రవం పోస్తాడు. ఆ ముద్దు ఆమె ఈమధ్య చూడలేకపోతోంది.

"ఇంకోటి దొరికింది. ఇంకెన్ని దొరకాలి మీకు?"

"కూర్చో హైమా. ఆ గింజలకి నిద్ర లేదు, ఆదివారం లేదు. అంత చాకిరీ చేస్తే మడ్డి పట్టదా?"

"అంత చాకిరీ చేసీ చల్లగా ఉన్నవి వేలున్నాయి. వేడెక్కినవాటికే మడ్డి ఉంది. ఆ రక్తమిచ్చినవాళ్ళు ఈ పూట ఇళ్ళలో అన్నాలు తింటున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు. వాళ్ళకి చెప్పొద్దా?"

"ఏమని చెబుతావు? మీ కంప్యూటర్ వేడెక్కింది, మీకు మతి పోతుంది అనా? ఇన్ని వేల ఇళ్ళ మీద పిడుగు వేసి, రేపు అది నిజం కాదని తేలితే ఎవరు సమాధానం చెబుతారు?" పట్టాభి గొంతు పెంచడు. అదే ఆమెకి మరీ మంట. "ఒక్క మనిషిని చూపించు. గింజలో మడ్డి, అదే మనిషి తలలోనూ మడ్డి. ఒక్కరంటే ఒక్కరు. అప్పుడు ఊరూరా దండోరా నేనే వేయిస్తాను."

"ఉన్నాడు. మా అన్నయ్య."

పట్టాభి చేతిలో సీసా పక్కన పెట్టాడు.

"తీసుకురా," అన్నాడు.

*

వీర్రాజుని ఆసుపత్రికి రప్పించడం మాటలు కాదు. ఉద్యోగస్తుల కుటుంబాలకి కంపెనీ ఉచితంగా పరీక్షలన్నీ చేయిస్తోందని హైమ కట్టుకథ అల్లింది. ఉచితమన్న మాట అన్నయ్య చెవిలో బాగానే పడింది. వానాకాలం మొదలైన వారంలో బయలుదేరాడు. వకుళ పులిహోర, పెరుగన్నం కట్టుకుని తోడొచ్చింది.

నుంచోబెట్టి, పడుకోబెట్టి, అంకెలు వెనక్కి చెప్పించి, చివరికి తల లోపల ఫొటోలు తీసే గదిలోకి తీసుకెళ్ళారు. తన చొక్కా ఎక్కడ పెట్టారని వీర్రాజు లోపల్నుంచి అరుస్తున్నాడు. వకుళ గది బయట కుర్చీలో కూర్చుని లేసు అల్లుతోంది.

"నాక్కూడా చేస్తారా హైమా?" అంది తలెత్తకుండానే. "వచ్చాం కదా. ఈమధ్య తలంతా బరువుగా ఉంటోంది."

"ఈసారికి ఒక్కరికే వదినా," అంది హైమ. ఆమె కళ్ళు గది తలుపు మీద ఉన్నాయి.

"సరేలే. కళ్ళజోడు మార్చాలేమో." వకుళ వేళ్ళు ఆగాయి. అల్లిన పువ్వుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "చూడు, మళ్ళీ లెక్క తప్పాను." అని దారం లాగి పువ్వంతా విప్పేసింది.

వీర్రాజు తల అద్దంలా ఉంది. మడ్డి లేదు, మచ్చ లేదు. ఈ వయసుకి ఇంత శుభ్రమైన మెదడు చూడలేదంది డాక్టరు. "వాడకపోతే అలాగే కొత్తగా ఉంటుందండి," అంది వకుళ, అందరూ నవ్వారు. హైమ నవ్వలేకపోయింది. చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి, కొళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. అన్నయ్య బాగున్నాడు. అంతకంటే ఇంకేం కావాలి?

పట్టాభి గెలిచినట్టు మాట్లాడలేదు. మిఠాయి పొట్లం ఆమె బల్ల మీద పెట్టి, "నాకూ సంతోషమే," అన్నాడు. తర్వాత అసలు సంగతికి వచ్చాడు. వేడి మీద ఫిర్యాదులు ఆగడం లేదు కనక, కంపెనీ 'చలువ' అని ఒక కొత్త ఏర్పాటు తయారుచేసింది. గింజ వేడెక్కబోతే చాలు, పనున్నా లేకపోయినా దాని కణాల్నే జోకొట్టి మందగింపజేస్తుంది. కంప్యూటర్ కాస్త నెమ్మదిస్తుందేగాని పెట్టె మాత్రం ఎప్పుడూ చల్లగా ఉంటుంది. ఇళ్ళలో ఉన్న యంత్రాలన్నిటికీ ఒకేసారి తీగల మీదుగా వెళ్ళిపోతుంది. పంపాలంటే, వెనక్కి తీసుకోవాలంటే, గింజల పరీక్ష చూసే హైమ అనుమతి కావాలి.

తను పొరబడ్డానని ఆమెకి నమ్మకం కుదిరింది. అన్నయ్య బాగున్నాడన్న ఆనందంలో ఇంకేదీ తవ్వబుద్ధి కాలేదు. అనుమతి ఇచ్చేసింది. ఆ వారంలోనే వేడి ఫిర్యాదులు ఆగిపోయాయి. జ్వరమైతే ఉంది, చూసే చెయ్యి లేకుండా పోయింది.

*

కార్తీకమాసంలో అన్నయ్య ఇంట్లో పడిపూజకని హైమ నరసాపురం వెళ్ళింది. వీర్రాజు ఏటా మాల వేస్తాడు. ఆ రోజుల్లో మాత్రం గొంతు తగ్గుతుంది, నల్లబట్టల్లో చెప్పుల్లేకుండా తిరుగుతాడు. ఎదురైన ప్రతివాడూ స్వామి, ఇంటావిడ మాత.

పూజ అయిన మర్నాడు పొద్దున్నే కంపెనీ మనిషి ఒకతను సంచి తగిలించుకుని వచ్చాడు. ఏడాదికోసారి పాత గింజ తీసేసి కొత్తది పెట్టే పద్ధతి పట్టాభి పెట్టిందే.

"కొత్త గింజకి బొట్టు కావాలండి. వీర్రాజు గారంటే తమరేనా అండి?"

"నేనే స్వామీ. కానీ చూస్తున్నావుగా, మాలలో ఉన్నాను. కత్తీ సూదీ ఒంటికి తగలనివ్వను. పోయినేడు చేసినట్టే కానిచ్చేయండి." వంటింటి వైపు తిరిగాడు. "మాతా, ఒకసారి ఇలా వచ్చి వేలివ్వు."

వకుళ చేతి తడి కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అలవాటైన పనిలా ఉంగరపు వేలు చాపింది. కంపెనీ మనిషి సూది తీశాడు.

"ఆగండి," అంది హైమ.

టీ గ్లాసు ఎక్కడ పెట్టిందో ఆమెకి తెలియలేదు. అది దొర్లి నేలంతా పారింది.

"అన్నయ్యా. పోయినేడు సూది ఎవరికి గుచ్చారు?"

"వకుళకే. అప్పుడూ కార్తీకమే కదా, అప్పుడూ మాలలోనే ఉన్నాను. వచ్చినతను నువ్వొద్దంటే ఇంట్లో ఎవరైనా పరవాలేదన్నాడు. ఏం? ఆలూమగలం, ఎవరి రక్తమైతే ఏం పోయింది? ఇల్లు ఒకటే కదా."

హైమకి ముందు కోపం అన్నయ్య మీద వచ్చింది. దాన్ని తోసుకుని తన మీద వచ్చింది. ఆ చిన్న సీసా నెలల తరబడి ఆమె బల్ల మీదే ఉంది. పక్కనే ఉన్న యంత్రంలో ఒక చుక్క వేస్తే, ఆ కణాలు ఆడమనిషివో మగమనిషివో టిఫిన్ తిని వచ్చేలోగా చెప్పేసేది. పెట్టె మీద మగవాడి పేరుంది కదా అని ఆమె చూడలేదు. అంత పెద్ద పట్టాభీ చూడలేదు. ఇద్దరి చదువులూ కలిసి ఒక పేరుని చూసి ఆగిపోయాయి.

"వదినా, కూర్చో," అంది.

"ఇక్కడే చెప్పు."

హైమ చెప్పింది. ఈసారి ఏదీ దాచలేదు. మడ్డి సంగతి, మందు సంగతి, ఆసుపత్రి కట్టుకథ, చలువ, తన అనుమతి, అన్నీ. చెబుతుంటే మధ్యలో కంపెనీ మనిషి సూది సంచిలో పెట్టేసుకుని గుమ్మం దగ్గరకి జరిగాడు. వీర్రాజు మెడలో మాల పట్టుకుని నిలబడిపోయాడు.

వకుళ వింటున్నంతసేపూ చాపిన వేలు అలాగే ఉంచింది. అంతా విన్నాక ఆ వేలిని మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"అయితే ఆ రోజు లోపల పడుకోవలసింది నేను," అంది. "బయట కూర్చున్నాను. అడిగాను కూడా. నాక్కూడా చేస్తారా అని నోరు తెరిచి అడిగాను హైమా."

"అడిగావు వదినా."

"ఒక్కరికే అన్నావు."

హైమ తల వంచుకుంది.

వకుళ మొగుడి వైపు తిరిగింది. మాలలో ఉన్నవాణ్ణి స్వామీ అని పిలవాలి. పిలవలేదు.

"చూడండి. కరెంటు మీటరు మీ పేరు. గ్యాసు మీ పేరు. నేను గీసి, నేను అల్లించి పంపే లేసు కూడా మీ పేరునే పోతుంది. పోనిమ్మని ఊరుకున్నాను, అన్నీ ఆయనే చూసుకుంటారనుకున్నాను. చివరికి నా జబ్బుకి కూడా మీ పేరే పెట్టారు. పెట్టి, మీకు బాగుందని తేల్చి, స్వీట్లు పంచుకున్నారు."

"వకుళా, నాకేం తెలుసే..."

"తెలియదు. అదే నా ఏడుపు. ఎవరికీ ఏమీ తెలియదు, నా వేలు మాత్రం అందరికీ కావాలి."

ఆ ఇంట్లో ఆమె గొంతు అంత ఎత్తున ఎవరూ వినలేదు. వీర్రాజు గోడకి ఆనుకుని నేలమీద కూలబడ్డాడు.

కంపెనీ మనిషి నసిగాడు. "పాత పెట్టె మాత్రం పట్టుకెళ్ళమన్నారండి. తిరిగి ఇవ్వకపోతే నామీదికొస్తుందండి."

"అందులో ఉన్నది నా తల బాబూ," అంది వకుళ. "దాన్ని ఎవరికీ ఇవ్వను. హైమా, నువ్వేదో చల్లబరిచే దిక్కుమాలినది పెట్టావన్నావే, అది తీసెయ్. ఎంత కాలుతోందో నేను చూడాలి."

హైమ ఆ పెట్టెకి చలువ తీసేసింది. మధ్యాహ్నానికల్లా గాజు గిన్నె చెయ్యి పెట్టలేనంత కాలింది. వకుళ దాని మీద అరచెయ్యి ఆనించి, చురుక్కుమన్నా తీయకుండా చాలాసేపు కూర్చుంది. అప్పట్లో తడిగుడ్డ వేసింది తన నుదుటికేనన్న మాట ఆమె పైకి అనలేదు, అనకపోయినా ఆ గదిలో అందరికీ వినబడింది.

*

విశాఖపట్నంలో అదే ఆసుపత్రి, అదే గది. ఈసారి బయట కుర్చీలో వీర్రాజు కూర్చున్నాడు, ఒళ్ళో కంప్యూటర్ పెట్టె. దారిపొడుగునా అతనే మోశాడు. బ్యాటరీ మీద నడుస్తున్న గింజ లోపల ఉడుకుతూనే ఉంది. వేడికి నల్లచొక్కా ఛాతీకి అంటుకుపోయినా కింద పెట్టనన్నాడు. ఎవరూ పెట్టమని బతిమాలలేదు కూడా.

వకుళ తలలో మడ్డి ఉంది. గింజకీ ఫొటో తీసి పక్కన పెట్టి చూశారు, అదే మడ్డి.

"మందు ఇవాళే మొదలుపెడదాం," అంది డాక్టరు. "వానాకాలం మొదట్లో వచ్చి ఉంటే పనిచేస్తుందని గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు... చేయచ్చు. సగానికి సగం అనుకోండి."

"వానాకాలం మొదట్లో వచ్చానండి," అంది వకుళ. "ఈ గోడకి అవతలే ఉన్నాను."

డాక్టరుకి అర్థం కాలేదు. హైమ లేచి బయటికి వెళ్ళిపోయింది. ఆ వసారాలోనే, కిటికీ పక్కన నిలబడి, ఫోన్లోనే, తన అనుమతితో వెళ్ళిన చలువని అన్ని ఇళ్ళనుంచీ తన అనుమతితోనే వెనక్కి తీసేసుకుంది. ఈసారి ఒకటికి రెండుసార్లు చూసుకుంది. చూసుకోవలసింది అప్పుడు, ఆ మొదటిసారి.

అక్కణ్ణుంచి ముగ్గురూ నేరుగా కంపెనీకి వెళ్ళారు.

వీర్రాజు ఎవరినీ అడగకుండా పట్టాభి బల్ల మీదున్న గాజు గిన్నెలు పక్కకి తోసి, పెట్టె అక్కడ పెట్టాడు. హైమ ఫొటోలు రెండూ పక్కపక్కన పరిచింది, గింజదీ మనిషిదీ.

"ఒక్కరిని చూపించమన్నారు కదా," అంది. "చూడండి."

పట్టాభి చూశాడు. అంత తెలివైనవాడికి ఎక్కువసేపు చూడనక్కర్లేదు. మొహం పాలిపోయింది. అయినా తమాయించుకున్నాడు.

"ఇది ఘోరమే. కాదనను. కానీ ఆ రోజు రక్తం ఎవరిదో సరిగ్గా చెప్పి ఉంటే..."

"అడిగారా?" అంది వకుళ.

ఆయన ఆమెని అప్పుడే మొదటిసారి చూశాడు.

"మా ఇంటికొచ్చి సూది గుచ్చినవాడు, తల్లీ నీ పేరేంటి అని అడిగాడా? బొట్టు పట్టుకెళ్ళి ఏడాదిపాటు చాకిరీ చేయించుకున్న మీరు అడిగారా?" ఆమె ఆయన చెయ్యి పట్టుకుని పెట్టె లోపలి గాజు గిన్నె మీద పెట్టింది. చురుక్కుమనేసరికి పట్టాభి చెయ్యి లాక్కున్నాడు. "ఏం, కాలిందా? దుమ్మేమో చూడండి."

ఆయన నోరు తెరిచేలోగా పక్క హాల్లో ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఒకటి. తర్వాత రెండు మూడు. చూస్తుండగా ఆ హాలంతా ఒకటే మోత. చలువ తీసేసిన గింజలన్నీ ఊరూరా, వీధి వీధినా మళ్ళీ వేడెక్కుతున్నాయి.

పట్టాభి హాలు గుమ్మంలోకి పరిగెత్తాడు. "మామూలు మాటే చెప్పండి. దుమ్మని చెప్పండి. కొత్త పెట్టె పంపుతామనండి."

ఫోన్ల ముందున్న అమ్మాయిలు ఆయన్ని చూశారు, ఆయన వెనక నిలబడ్డ హైమని చూశారు.

"దుమ్మని చెప్పకండి," అంది హైమ. "పేరు కూడా అడగకండి, పేరు మన దగ్గర ఉంది, అది ఎందుకూ పనికిరాదు. ఆ రోజు సూది ఎవరి వేలికి గుచ్చారో అడగండి. ఆ మనిషిని వెంటనే ఆసుపత్రికి బయలుదేరమనండి. ఆ మనిషితోనే మాట్లాడండి, ఇంకెవరితోనూ కాదు."

"హైమా, నీ ఉద్యోగం..." అన్నాడు పట్టాభి.

"ఉంచుకోండి," అంది ఆమె.

ఒక అమ్మాయి ఫోనెత్తింది. ఆమెని చూసి ఇంకో అమ్మాయి. మోగే ఫోన్లు ఎక్కువ, ఎత్తే చేతులు తక్కువ. గోడ పక్కన ఎవరూ లేని కుర్చీ ముందు ఫోను ఒకటి ఆగకుండా కొట్టుకుంటోంది. వకుళ వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని రిసీవరు చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల మగగొంతు. పెట్టె కొలిమిలా ఉందని, ఇదేం కంపెనీ అని ఒకటే తిట్లు. ఆమె అడ్డుపడకుండా వింది. అలాంటి గొంతు వినడం ఆమెకి కొత్తేమీ కాదు.

"అయ్యా, ఒక్క మాట చెప్పండి," అంది అతను ఊపిరి తీసుకున్నప్పుడు. "ఆ రోజు కంపెనీవాళ్ళు సూది గుచ్చింది తమరి వేలికేనా అండి?"

అవతల తిట్లు ఆగిపోయాయి. ఎవర్నో పిలుస్తున్న చప్పుడు, ఫోను చేతులు మారిన చప్పుడు వినిపించాయి.

"నాకేనండి," అంది ఒక ఆడగొంతు మెల్లగా. "ఆయనకి సూదంటే భయమండి. ఏం, ఏమైందండి?"